జట్లాండ్‌లో మూడు బ్యాటిల్‌క్రూజర్లు ఎందుకు పేలిపోయాయి: కవచమా, తలుపులా?

మీరు అడిగింది ఇది. 1916 మే 31న ఉత్తర సముద్రంలో జరిగిన జట్లాండ్ యుద్ధంలో ఇన్‌డిఫాటిగబుల్, క్వీన్ మేరీ, ఇన్విన్సిబుల్ అనే మూడు బ్రిటిష్ బ్యాటిల్‌క్రూజర్లు (భారీ ఫిరంగులు, ఎక్కువ వేగం ఉన్న యుద్ధనౌకలు) పేలి నిమిషాల్లో మునిగిపోయాయి. జర్మన్ బ్యాటిల్‌క్రూజర్లు అంతకన్నా ఎక్కువ దెబ్బలు తిన్నా ఒక్కటీ అలా పేలలేదు. కవచం పలచగా ఉండటమే కారణమని చాలాచోట్ల రాశారు, అది నిజమేనా? 1941లో హుడ్ అనే బ్రిటిష్ ఓడ కూడా ఇదే జబ్బుతో పోయిందా?

కవచం పలచగా ఉన్న మాట నిజమే. అయితే ఆ కవచం చేసిన తప్పల్లా శత్రువు గుండును టరెట్‌లోకి, అంటే ఫిరంగులుండే ఉక్కు గదిలోకి, రానివ్వడం. టరెట్‌లోకి గుండు వస్తే టరెట్ పోవాలి, అందులోని మనుషులు పోతారు. ఓడ మాత్రం పోకూడదు. ఎందుకంటే టరెట్‌కీ అడుగునున్న మందుగుండు గదికీ మధ్య మంట దిగకుండా ఆపే ఏర్పాటు ఉండాలి. బ్రిటిష్ బ్యాటిల్‌క్రూజర్లలో ఆ ఏర్పాటు ఉన్నంతమేరకైనా వాడలేదు. వేగంగా కాల్చాలన్న తాపత్రయంలో తలుపులు తెరిచి పెట్టారు, మందు సంచులను డబ్బాల్లోంచి ముందే తీసి పోగులు పెట్టారు. ఆ రోజు చచ్చిపోయిన 6,094 మంది బ్రిటిష్ నావికుల్లో 3,309 మంది ఈ మూడు ఓడల వాళ్ళే. అంత నష్టాన్ని కవచం మందం మీదికి నెట్టేస్తే అసలు పాఠం పోతుంది.

ఇది అర్థం కావాలంటే ముందు టరెట్ లోపల ఏముంటుందో చూడాలి. ఫొటోల్లో కనిపించే ఉక్కు పెట్టె టరెట్‌లో పైభాగం మాత్రమే. దాని కింద ఓడ అడుగుదాకా ఒక నిలువు బావి ఉంటుంది. మన ఊళ్ళో బావికి సిమెంటు వరలు దించినట్టు, ఈ బావి చుట్టూ పైభాగాన గుండ్రటి ఉక్కు కవచం ఉంటుంది. దాన్నే బార్బెట్ అంటారు. 13.5 అంగుళాల (343 మి.మీ.) ఫిరంగులున్న లయన్, క్వీన్ మేరీ లాంటి ఓడల్లో పైనుంచి కిందికి వరస ఇలా ఉంటుంది. అన్నిటికన్నా పైన రెండు ఫిరంగులున్న గది. దాని కింద నడిమి గది: అడుగునుంచి వచ్చిన గుండు, మందు ఇక్కడ ఒక లిఫ్టు తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి మారతాయి. దాని కింద పొడుగాటి లిఫ్టు గొట్టం. అది దిగేచోట మందు అందించే గది. ఆ గది గోడకు తలుపు, తలుపు అవతల మందు నిల్వ ఉండే మ్యాగజైన్. ఆ కాలపు బ్రిటిష్ ఓడల్లో గుండ్లు దాచే గది మ్యాగజైన్‌కు ఇంకా కిందన ఉండేది, అంటే మందు గుండ్లకన్నా పైన ఉండేది.

ఇప్పుడు ఒక ఫిరంగికి ఒక్కసారి మందు పెట్టడానికి ఏం కావాలో లెక్క వేయండి. గుండు బరువు 570 నుంచి 635 కిలోలు. దాన్ని తోసే కార్డైట్ అనే మందు సుమారు 134 కిలోలు. ఇంత బరువు ఒకే మూటగా ఉంటే మనుషులు ఎత్తలేరు కాబట్టి నాలుగు పావు ఛార్జీలుగా విడగొట్టారు. ఒక్కోటి 33 కిలోల పైచిలుకు, పట్టుగుడ్డ సంచి. టరెట్‌కు రెండు ఫిరంగులు, అంటే ప్రతి సాల్వోకూ (ఒకేసారి కాల్చే విడతకూ) ఎనిమిది సంచులు, 270 కిలోల దాకా. నిమిషానికి రెండు సాల్వోలు కాల్చాలంటే మ్యాగజైన్ తలుపులోంచి నిమిషానికి పదహారు సంచులు బయటికి రావాలి, అంటే నాలుగు సెకన్లకు ఒకటి కన్నా కొంచెం వేగంగా. ప్రతి సంచినీ రేకు డబ్బా మూత విప్పి తీయాలి. భారీ ఉక్కు తలుపును దాని క్లిప్పులు బిగిస్తూ విప్పుతూ ఈ వేగం అందుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి లోపలికి వెళ్ళిన వాళ్ళకు గది గదికీ మధ్య ఉండే గుండ్రటి తలుపులు గుర్తుండే ఉంటాయి. అలాంటి తలుపును ప్రతి నాలుగు సెకన్లకూ తెరిచి మూయడం ఎలా ఉంటుందో ఊహించండి. అడుగున పనిచేసేవాళ్ళు చేసింది అందరూ చేసే పనే. తలుపు తెరిచి వదిలేశారు, పది ఇరవై సంచులు ముందే విప్పి అందించే గదిలో పేర్చుకున్నారు. పైనుంచి అధికారులు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. కొన్నిచోట్ల వాళ్ళే ప్రోత్సహించారు.

యుద్ధానికి ముందు ఈ ఓడల్లో మ్యాగజైన్ గోడకు మంట దూరని కిటికీ లాంటి ఏర్పాటు లేదు. తలుపు ఒక్కటే దారి. కాబట్టి డిజైన్‌లో లోపం ఏమీ లేదనడం కుదరదు. తలుపు మూస్తే కాల్పులు ఆగిపోయేలా, తెరిస్తే ఓడ ప్రాణం గాల్లో పెట్టేలా కట్టిన ఓడలివి. ఆ రెంటిలో ఏది ఎంచుకోవాలో ఓడ మీదున్న వాళ్ళకే వదిలేశారు.

ఇక మందు సంగతి. బ్రిటిష్ కార్డైట్ ఎం.డి.లో నైట్రోసెల్యులోజ్ 65 శాతం, నైట్రోగ్లిసరిన్ 30 శాతం, వాజలీన్ 5 శాతం. పట్టుగుడ్డ ఎందుకంటే అది కాలిపోయి గొట్టంలో నిప్పుముక్కలు మిగల్చదు. ఒక్క కార్డైటే అయితే వెంటనే అంటుకోదు కాబట్టి ప్రతి పావు ఛార్జికీ రాజేయడానికి నల్ల తుపాకిమందు (గన్‌పౌడర్) ప్యాడ్ కుట్టి ఉంటుంది. ఈ తుపాకిమందే అసలు ప్రమాదం. అది నిప్పురవ్వకే అంటుకుంటుంది, సంచి నలిగితే పొడి రాలుతుంది. పేర్చి పెట్టిన ప్రతి సంచికీ ఇలాంటి ప్యాడ్ ఉంటే, ఒకటి అంటుకున్నాక పక్కది అంటుకోవడానికి క్షణం చాలు.

జర్మన్లు ఇక్కడే వేరుగా చేశారు. వాళ్ళ 30.5 సెం.మీ. ఫిరంగికి మందు రెండు భాగాలు. పెద్ద భాగం, 91 కిలోలు, ఇత్తడి డబ్బాలో ఉంటుంది. చిన్న భాగం, 34.5 కిలోలు, సంచిలో ఉంటుంది కానీ ఫిరంగిలో పెట్టేదాకా అదీ రక్షణ తొడుగులోనే ఉంటుంది. రాజేసే మందు ఇత్తడి డబ్బా వెనకవైపు మాత్రమే. ఇత్తడి డబ్బా ఉండటానికి కారణం భద్రత కాదు. క్రుప్ ఫిరంగుల వెనక తలుపు జారుడు దిమ్మె రకం, గ్యాస్ బయటికి రాకుండా మూయడానికి దానికి ఇత్తడి కావాలి. కానీ ఆ ఇత్తడే మంటల్లో వాళ్ళ ఓడలను కాపాడింది. మందు అంటుకున్నా ఒక్కో డబ్బా అంటుకోవడానికి కొంత సమయం పట్టింది, ఆ మధ్యలో గ్యాస్ బయటికి పోయింది.

ఈ గ్యాస్ సంగతి దీపావళి తెలిసిన వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. చిచ్చుబుడ్డికి పైన మూతి ఉన్నంతసేపు మందు పువ్వులు చిమ్ముతూ కాలుతుంది. మూతి బిగుసుకుపోతే అదే మందు బాంబులా పేలుతుంది. కార్డైట్ కూడా అంతే. బయట గాలిలో మండితే పెద్ద మంట. చుట్టూ ఒత్తిడి పెరిగేకొద్దీ కాలే వేగం పెరుగుతుంది, వేగం పెరిగేకొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. టరెట్‌లో పది సంచులు కాలితే పైకప్పు ఎగిరిపోయి మంట ఆకాశంలోకి పోతుంది. అదే మంట తెరిచిన తలుపులోంచి టన్నుల కొద్దీ మందున్న మ్యాగజైన్‌లోకి దూరితే, గ్యాస్ బయటికి పోయే దారి దానికి ఏ మూలకూ చాలదు. ఓడ పొట్ట చీలిపోతుంది.

ఇంత ప్రమాదం తెలిసి కూడా వేగం మీద ఎందుకంత మోజు? దానికి 1914 డిసెంబరు 8 నాటి ఫాక్లాండ్ యుద్ధం దగ్గరికి వెళ్ళాలి. అడ్మిరల్ ఫాన్ స్పే నడిపిన జర్మన్ తూర్పు ఆసియా దళాన్ని అక్కడ బ్రిటిష్ వాళ్ళు నాశనం చేశారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవులో బర్మా ఆయిల్ ట్యాంకులు తగలబెట్టిన ఎండెన్ ఈ దళం నుంచి విడిపోయి వచ్చిన ఓడే. ఫాక్లాండ్‌లో ఇన్విన్సిబుల్, ఇన్‌ఫ్లెక్సిబుల్ రెండూ కలిసి రెండు కవచ క్రూజర్లను ముంచడానికి వెయ్యికి పైగా 12 అంగుళాల గుండ్లు కాల్చాల్సి వచ్చింది. దూరం ఎక్కువ, పొగ, తగిలిన గుండ్లు చాలా తక్కువ. దాన్నుంచి తీసుకోవాల్సిన పాఠం గురి మెరుగుపరచుకోవాలని. తీసుకున్న పాఠం ఇంకా వేగంగా, ఇంకా ఎక్కువ కాల్చాలని. ఓడల్లోకి లెక్కకు మించి ఛార్జీలు ఎక్కించారు. దానికి తోడు బ్రిటిష్ అడ్మిరల్ బీటీ నడిపే బ్యాటిల్‌క్రూజర్ దళం రోసైత్‌లో ఉండేది, అక్కడి ఇరుకు నీళ్ళలో భారీ ఫిరంగులతో సాధన చేసే వీలు తక్కువ. పెద్ద నౌకాదళం ఉన్న స్కాపా ఫ్లోలో ఆ వీలుంది. గురి లోటును వేగంతో పూడ్చుకుందామనుకున్నారు.

అదే ఫాక్లాండ్ రోజున ఒక హెచ్చరిక కూడా వచ్చింది. కెంట్ అనే బ్రిటిష్ క్రూజర్‌లో ఒక 6 అంగుళాల ఫిరంగి గదిలో జర్మన్ గుండు పేలింది. మంట మందు లిఫ్టు గొట్టంలోంచి కింద మందు మోసే దారిలోకి దిగింది. అక్కడున్న మెరైన్ సార్జెంట్ చార్లెస్ మేస్ అంటుకోబోతున్న ఛార్జిని లాగి అవతల పారేసి, ఆ గదిలోకి నీళ్ళు వదిలాడు. ఓడ దక్కింది. ఆయనకు పతకం ఇచ్చారు. లిఫ్టు గొట్టాల్లో మంట ఆపే ఏర్పాటు పెట్టాలన్న ఆలోచన మాత్రం ఓడల్లోకి రాలేదు. ఏడాదిన్నర తర్వాత జట్లాండ్‌లో జరిగింది ఇదే, పెద్ద ఎత్తున.

జర్మన్లకు హెచ్చరిక 1915 జనవరి 24న ఉత్తర సముద్రంలోని డాగర్ బ్యాంక్ దగ్గర వచ్చింది, చాలా ఖరీదుగా వచ్చింది. లయన్ కాల్చిన 13.5 అంగుళాల గుండు సైడ్లిట్స్ అనే జర్మన్ బ్యాటిల్‌క్రూజర్ వెనక బార్బెట్‌ను ఛేదించింది. ఎర్రగా కాలిన ముక్కలు లోపలి ఛార్జీల మీద పడ్డాయి. మంట పైకీ కిందికీ పాకింది. అడుగున ఉన్న మనుషులు తప్పించుకోవడానికి పక్క టరెట్ గదిలోకి వెళ్ళే తలుపు తెరిచారు, దాంతో మంట ఆ టరెట్‌కూ వ్యాపించింది. రెండు టరెట్లూ కాలిపోయాయి, 159 మంది చనిపోయారు. 62 ఛార్జీలు, దాదాపు ఆరు టన్నుల మందు, కాలిపోయింది. పంపుల పని చూసే విల్హెల్మ్ హైడ్‌కాంప్ ఎర్రగా కాలుతున్న వాల్వులను ఒట్టి చేతులతో తిప్పి మ్యాగజైన్లలోకి నీళ్ళు వదలబట్టి ఓడ ఇంటికి చేరింది. జర్మన్లు దీన్ని కాగితం మీద వదిలేయలేదు. టరెట్‌లో ఒకేసారి ఉండే ఛార్జీల సంఖ్య తగ్గించారు, లిఫ్టు దారులకు మంట ఆపే తలుపులు పెట్టారు, ఛార్జీలు డబ్బాల్లోంచి ముందే తీయడం మానిపించారు. ఈ విషయం బ్రిటిష్ వాళ్ళకు తెలియదు. వాళ్ళకు కనిపించింది తమ గుండ్లకు సైడ్లిట్స్ తగలబడటం మాత్రమే.

ఇక మే 31. మధ్యాహ్నం 3:48కి బ్యాటిల్‌క్రూజర్లు కాల్పులు మొదలుపెట్టాయి. దూరం సుమారు 15 కిలోమీటర్లు. పడమర ఆకాశం వెలుగుగా ఉండి బ్రిటిష్ ఓడలు స్పష్టంగా కనిపించాయి, జర్మన్ ఓడలు తూర్పున మసకలో ఉన్నాయి. గాలి పడమటి నుంచి వీస్తూ బ్రిటిష్ ఓడల సొంత పొగనే వాటి గురికి అడ్డం తెచ్చింది. పైగా ఎవరు ఎవర్ని కాల్చాలన్న పంపకంలో పొరపాటు జరిగి డెర్ఫ్లింగర్ అనే జర్మన్ ఓడ మీద కొన్ని నిమిషాలపాటు ఎవరూ కాల్చలేదు. ఇవన్నీ జర్మన్ గుండ్లు ఎక్కువ ఎందుకు తగిలాయో చెబుతాయి. తగిలిన తర్వాత ఏమైందో చెప్పవు.

సాయంత్రం 4 గంటల ప్రాంతంలో లుట్జోవ్ అనే జర్మన్ ఓడ కాల్చిన 30.5 సెం.మీ. గుండు బీటీ ఉన్న లయన్ నడిమి టరెట్‌కు, అంటే క్యూ టరెట్‌కు, తగిలింది. ఎడమ ఫిరంగి బయటికి వచ్చే కంత పైమూలలో, 9 అంగుళాల ముందు పలకా 3.5 అంగుళాల పైకప్పూ కలిసే అతుకు దగ్గర అది ఛేదించుకుని లోపలికి వెళ్ళి పేలింది. పైకప్పు ముందు పలక ఎగిరిపోయింది, లోపలున్న వాళ్ళు దాదాపు అందరూ అక్కడికక్కడే చనిపోయారు. టరెట్ అధికారి మేజర్ ఫ్రాన్సిస్ హార్వీ చావబోతూ మాట్లాడే గొట్టంలో కిందికి ఒక ఆజ్ఞ ఇచ్చాడు: మ్యాగజైన్ తలుపులు మూసేయండి, నీళ్ళు వదలండి. చనిపోయాక ఆయనకు విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. గుండు తగిలిన వెంటనే లయన్ పేలలేదు. టరెట్‌లో చిన్న మంట మిగిలింది, దాన్ని ఆర్పేశామనుకున్నారు. దాదాపు అరగంట తర్వాత, 4:28 ప్రాంతంలో, పైన మిగిలిన మంట ఛార్జీలకు అంటుకుంది. ఎక్కువమంది ఒప్పుకునే కథనం ప్రకారం, ఎడమ ఫిరంగిలో కాల్చకుండా ఉండిపోయిన ఛార్జి వెనక్కి జారి కింద పడి నిప్పందుకుంది. నడిమి గదిలో ఉన్న ఎనిమిది పూర్తి ఛార్జీల దాకా ఒక్కసారిగా కాలాయి. మంట ఓడ స్తంభాలంత ఎత్తుకు లేచింది. అడుగున అందించే గదిలో ఉన్నవాళ్ళు అందరూ చనిపోయారు, కొందరి చేతులు తలుపు క్లిప్పుల మీదే ఉన్నాయి. మ్యాగజైన్ గోడలు లోపలికి వంగాయి. లోపల అప్పటికే నీళ్ళు నిండి ఉండటం, తలుపులు మూసి ఉండటం వల్ల గోడలు ఆగాయి. తలుపు తెరిచే ఉంటే జట్లాండ్ ఖాతాలో నాలుగో ఓడ చేరేది.

లయన్‌లో ఈ క్రమశిక్షణ ఊరికే రాలేదు. చీఫ్ గన్నర్ అలెగ్జాండర్ గ్రాంట్ ఆ ఓడలోకి వచ్చాక మ్యాగజైన్ల పద్ధతి మార్చాడు. యుద్ధంలో మ్యాగజైన్‌కు ఒకే తలుపు తెరవాలి. ఫిరంగి అడిగినప్పుడే ఛార్జి బయటికి రావాలి. అందించే గదిలో ఫిరంగికి ఒక్క పూర్తి ఛార్జి కన్నా ఎక్కువ ఉండకూడదు. మిగతావన్నీ డబ్బాల్లోనే, మూతలతో. కాల్పుల వేగం తగ్గుతుందని మొదట్లో అనుమానించినా, సాధనలో వేగం తగ్గలేదని తేలింది. అంటే ఇన్ని ఓడల్లో తలుపులన్నీ తెరిచి, సంచులు పేర్చి పెట్టింది తప్పనిసరై కాదు, అలవాటై. ఈ ఒక్క విషయం కోసమే లయన్ కథ ఇంత వివరంగా చెప్పాల్సి వచ్చింది.

మిగతా మూడింటికీ అరగంట వ్యవధి దొరకలేదు. 4:02 ప్రాంతంలో ఫాన్ డెర్ టాన్ అనే జర్మన్ ఓడ గుండ్లు తగిలి ఇన్‌డిఫాటిగబుల్ వరస తప్పి, మళ్ళీ దెబ్బలు తగిలాక పేలిపోయింది. 1,017 మంది పోయారు, ఇద్దరు బతికారు. 4:26కి క్వీన్ మేరీ, 1,266 మంది. తరవాతే బీటీ తన కెప్టెన్ చాట్‌ఫీల్డ్‌తో ఈరోజు మన ఓడల్లో ఏదో తేడా ఉన్నట్టుందని అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. 6:33 ప్రాంతంలో, సుమారు 9 కిలోమీటర్ల దూరంలో, ఇన్విన్సిబుల్ క్యూ టరెట్ మీద గుండు పేలింది. కొన్ని క్షణాల్లో ఓడ మధ్యలో రెండుగా విరిగింది. సముద్రం అక్కడ లోతు తక్కువ కాబట్టి రెండు ముక్కలూ అడుగున ఆని, ముందు కొసా వెనక కొసా నీటి పైన నిలువుగా నిలబడ్డాయి. 1,026 మంది పోయారు, ఆరుగురు మిగిలారు.

ఇప్పుడు కవచం వాదనకు వద్దాం. ఇన్విన్సిబుల్ పక్క కవచం 6 అంగుళాలు (152 మి.మీ.), లయన్, క్వీన్ మేరీలకు 9 అంగుళాలు (229 మి.మీ.), సైడ్లిట్స్, డెర్ఫ్లింగర్, లుట్జోవ్‌లకు 300 మి.మీ. ఈ మూడు అంకెలు చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. కానీ క్వీన్ మేరీలాగే 9 అంగుళాల కవచమున్న టైగర్ అనే బ్రిటిష్ ఓడ 15 దెబ్బలు తిని కూడా తేలుతూనే ఇంటికి వచ్చింది, లయన్ కూడా డజనుకు పైగా తింది. ఆ ఓడల్లో పక్క కవచాన్నో డెక్‌నో ఛేదించి మ్యాగజైన్‌లోకి చేరిన గుండు ఒక్కటీ లేదు. రెండోవైపు చూస్తే, డెర్ఫ్లింగర్ వెనక టరెట్లు రెండింటిలోకీ 15 అంగుళాల బ్రిటిష్ గుండ్లు దూరాయి. రెండూ కాలిపోయాయి, వాటిలోని 150 మంది దాకా మనుషుల్లో దాదాపు అందరూ చనిపోయారు. ఛార్జీలు మండాయి, ఓడ మాత్రం పేలలేదు. సైడ్లిట్స్‌కు ఇరవైకి పైగా భారీ గుండ్లు, ఒక టార్పిడో తగిలాయి. అందులోనూ టరెట్లోకి గుండు వచ్చి మందు కాలింది. 5,300 టన్నుల నీళ్ళతో ముక్కు మునిగిపోతూ అది ఇంటికి చేరింది. అంటే మందపాటి కవచం కూడా టరెట్లను కాపాడలేదు. కాపాడింది టరెట్‌కు కింద ఉన్న పద్ధతి.

ఇన్‌డిఫాటిగబుల్ విషయంలో మాత్రం కవచం వాదనకు కొంత చోటుంది. దాని చివరి బార్బెట్ల పక్కన కవచం 4 అంగుళాలకు పలచబడుతుంది, మొదటి దెబ్బలు తగిలింది వెనక భాగంలోనే. ఏదో గుండు నేరుగా వెనక మ్యాగజైన్‌లోకి చేరి ఉండవచ్చన్నది కొట్టిపారేయలేం. క్వీన్ మేరీ, ఇన్విన్సిబుల్‌లకు ఆ వాదన నప్పదు. ఇన్విన్సిబుల్ పేలుడు మొదలైంది గుండు టరెట్‌కు తగిలాకే, వందలమంది చూస్తుండగా.

కవచానికి సంబంధించిన ఇంకో తేడా గుండ్లలో ఉంది. దీన్ని తక్కువ చేయకూడదు. బ్రిటిష్ కవచభేదక గుండ్లలో లిడ్డైట్ అనే పేలుడు మందు నింపేవాళ్ళు. వాలుగా ఉన్న పలకకు తగిలితే అది లోపలికి వెళ్ళకముందే, ఛేదించే క్షణంలోనే పేలిపోయేది, లేదా గుండే పగిలిపోయేది. జర్మన్లు టి.ఎన్.టి. అనే వేరే పేలుడు మందు నింపి, లోపలికి వెళ్ళాక పేలేలా ఆలస్యం ఉన్న ఫ్యూజు వాడారు. సమానమైన గుండ్లు ఉండి ఉంటే సైడ్లిట్స్, డెర్ఫ్లింగర్ ఇంటికి చేరడం చాలా కష్టమయ్యేది. బ్రిటిష్ వాళ్ళు 1917-18 కల్లా షెల్లైట్ అనే మందు నింపిన కొత్త గుండ్లు తయారు చేసుకున్నారు, వాటికి వేసిన ఆకుపచ్చ రంగునుబట్టి పచ్చగుండ్లన్న పేరొచ్చింది. అప్పటికి యుద్ధం అయిపోవచ్చింది.

యుద్ధం తరవాత కారణం మీద పెద్ద రగడే జరిగింది. బ్రిటిష్ పెద్ద నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ జెల్లికో, బీటీ కవచం పలచనను ముందుకు తెచ్చారు. ఓడలు కట్టించిన వాళ్ళు, ఓడల నిర్మాణం చూసే థర్డ్ సీ లార్డ్ ఫ్రెడరిక్ ట్యూడర్ మందు వాడిన తీరే కారణమని రాశారు. రెండు పనులూ చేశారు: మ్యాగజైన్ల పైన టరెట్ల పైన అంగుళం మందాన పలకలు అదనంగా పరిచారు, అది ఓడలకు బరువే. అసలు మేలు చేసింది రెండోది. మ్యాగజైన్ గోడకు తిరిగే కంతలు బిగించారు. ఇటువైపు సంచి పెట్టి తిప్పితే అటువైపు వస్తుంది, రెండు మూతులూ ఒకేసారి తెరుచుకోవడం కుదరదు. లిఫ్టు తొట్టెలకు, గొట్టాలకు మంటను ఆపే మూతలు వచ్చాయి. తుపాకిమందు ప్యాడ్ మీద తొడుగు వేసి, ఫిరంగి దగ్గరే తీయాలన్నారు. ఛార్జీలు డబ్బాల్లోంచి ముందే తీయడం నిషేధించారు. గ్రాంట్ ఒక ఓడలో చేసినది అన్ని ఓడల్లో ఆజ్ఞ అయింది. 1920ల్లో కట్టిన నెల్సన్ తరగతిలో మ్యాగజైన్లను గుండ్ల గదికి కిందికి దించారు.

కార్డైట్ నాణ్యత సమస్య మాత్రం వెంటనే తీరలేదు. 1917 జులై 9 రాత్రి స్కాపా ఫ్లోలో లంగరు వేసి ఉన్న వాన్‌గార్డ్ అనే యుద్ధనౌక శత్రువు దెబ్బ ఏదీ లేకుండానే లోపల మందు పేలి మునిగింది, 843 మంది పోయారు. పాతబడి చెడిన కార్డైట్ తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. దాన్ని ఏ తలుపూ ఆపలేదు.

హుడ్ సంగతి. 1941 మే 24 ఉదయం 6 గంటల ప్రాంతంలో డెన్మార్క్ జలసంధిలో జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ చేతిలో పేలిన ఆ ఓడ జట్లాండ్ తరవాత పూర్తయింది. దాని పక్క కవచం మధ్యభాగంలో 12 అంగుళాలు, మందు అందించే ఏర్పాట్లు 1916 పాఠాలు తెలిసి చేసినవి. 1,418 మందిలో ముగ్గురే బతికారు. పైకి చూస్తే క్వీన్ మేరీ కథలాగే కనిపిస్తుంది, దారి మాత్రం వేరు. పడవల డెక్ మీద సిద్ధంగా పెట్టిన గుండ్లకు, రాకెట్లకు మొదట మంట అంటుకున్నా ఆ మంట మ్యాగజైన్‌కు చేరలేదని విచారణలో తేలింది. పెద్ద స్తంభం దగ్గర జ్వాల లేచి, వెనక భాగం విచ్చిపోయింది. బిస్మార్క్ 15 అంగుళాల గుండు ఒకటి వెనకవైపు మ్యాగజైన్లలోనో వాటి పక్కనో పేలి, 4 అంగుళాల ఫిరంగుల మందును, దాంతోపాటు 15 అంగుళాల ఫిరంగుల మందును అంటించిందన్నది విచారణ తేల్చిన కారణం. హుడ్‌లో మంట టరెట్‌లోంచి తలుపులు దాటుకుంటూ దిగలేదు, గుండే నేరుగా అక్కడికి చేరింది. కాబట్టి కవచమే ఓడను ముంచిందనదలచుకుంటే హుడ్‌ను చూపించండి, క్వీన్ మేరీని కాదు.